మంచం కింద గొంతుక

శిలావతీ రాజ్యంలో రాజు బతికుండగా ఇచ్చిన ఆజ్ఞను తరవాత వచ్చినవాడు ఎలాగైనా మార్చుకోవచ్చు. ప్రాణం పోతూ అన్న ఆఖరి మాటను మార్చే హక్కు మాత్రం దేవుడికి కూడా లేదని అక్కడివాళ్ళ నమ్మకం. సింహాసనం ఎవరిదో ఆ మాటే చెప్పాలి. యుద్ధమో సంధో ఆ మాటే తేల్చాలి. దాన్ని నెరవేర్చనివాణ్ణి ఆలుబిడ్డలతో సహా గోడలో నిలబెట్టి రాళ్ళు పేర్చి కట్టించేవారు.

అందుకే కోట నడిబొడ్డున చివరిమాటల మంటపం వెలిసింది. అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు, ఒక్కొక్కటి ఏనుగు మీద ఏనుగు ఎక్కి నిలబడినంత ఎత్తు. ప్రతి స్తంభం మొదట్లోనూ పచ్చలు పొదిగిన కళ్ళతో ఒక సింహం. కప్పునుంచి వేలాడే స్ఫటికపు గుత్తుల్లోంచి మధ్యాహ్నపు ఎండ రంగురంగులుగా విరిగి, రాతిలో చెక్కి బంగారం పోసిన అక్షరాల మీద ఆడుతూ ఉంటే, చనిపోయిన రాజులంతా ఒక్కసారిగా పెదవులు కదుపుతున్నట్టుండేది.

ఆ స్తంభాల మధ్య నుంచి, చేతులు వెనక్కి విరిచికట్టిన కేతప్పను ఇద్దరు భటులు ఈడ్చుకుపోతున్నారు.

కేతప్ప బహురూపి. ఊరూరా తిరిగి పగటివేషాలు వేసి, ఒకసారి విన్న గొంతును అసలుదో నకలుదో విన్నవాళ్ళు తేల్చుకోలేనంత అచ్చంగా పలికించి పొట్టపోసుకునేవాడు. కిందటి సంతలో ధవళకీర్తి మహారాజు గొంతుతో ఒక గాడిదను బేరమాడి జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు. అటుగా పల్లకీలో పోతున్న మహామంత్రి శంఖపాలుడు కూడా నవ్వాడు. పల్లకీ ఆపించి బంగారు నాణెం ఒకటి విసిరాడు. పొద్దుగూకకముందే కేతప్పా, గడ ఎక్కి విన్యాసాలు చేసే అతని భార్య కుందవ్వా చెరసాలలో ఉన్నారు.

ఇంత భయంలోనూ కేతప్ప తల పైకెత్తి ఆ అక్షరాలను చూడకుండా ఉండలేకపోయాడు. ఒళ్ళంతా బాణాలు దిగినా రథం దిగని వీరకంఠ మహారాజు ఆఖరి మాట అక్కడుంది: "నా గాయాలు లెక్కపెట్టకండి. శత్రువుల శవాలు లెక్కపెట్టండి." పగవాళ్ళు నిప్పుపెట్టిన కోటలోంచి బయటికి రానన్న మహారాణి చండికాదేవి మాట ఉంది: "లోపల రాణి ఉందని మంటలకు చెప్పండి. మర్యాదగా రమ్మనండి." ఆ మాటలు అతను ఎన్ని ఊళ్ళలో పలికాడో! వీరకంఠుడి చావు ఆడితే ముసలివాళ్ళు కూడా కళ్ళొత్తుకుని దోసిళ్ళతో ధాన్యం పోసేవారు.

"ఏరా, చదువుతున్నావా?" అన్నాడు ముందు నడుస్తున్న కపాలఘంటుడు. రాజవైద్యుడనే పేరుతో కోటలో చేరిన మాంత్రికుడు అతను. ఒంటినిండా బూడిద, జడల చివర్లకు కోతిపిల్లల పుర్రెలు. అడుగు వేస్తే అవి ఒకదానికొకటి తగిలి టకటకమనేవి. "నీ వీరకంఠుడు ఎలా పోయాడో తెలుసా? కుళ్ళిన పీతల కూర తిని పోయాడు. 'అమ్మా, కడుపు, అమ్మా, కడుపు' అని దొర్లి దొర్లి పోయాడు."

"అబద్ధం!" అన్నాడు కేతప్ప, తనకు తెలియకుండానే.

"మీ చండికాదేవిని గదిలోంచి బయటికి రానివ్వకుండా తలుపు గడియ పెట్టింది ఆవిడ కొడుకే. 'గడియ తియ్యరా నాయనా' అంది. ఆఖరి మాట అదీ. రాతి మీద చెక్కడానికి బాగుండదు గదా?" మాంత్రికుడు ముసిముసిగా నవ్వి, మంటపం చివర ఆగాడు.

అక్కడ, ఎత్తైన చెక్కపీఠం మీద దంతపు మంచం. చుట్టూ కప్పులోని ఉక్కు వలయం నుంచి నేలదాకా దిగిన ఎర్రపట్టు తెర. చనిపోతున్న రాజు ముఖం ఎవరూ చూడకూడదని ఆ రాజ్యంలో కట్టడి. సభ అంతా తెరకు అవతల నిలబడి మాట మాత్రం వినాలి. మంచం మీద ధవళకీర్తి కొయ్యలా పడి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. ముఖం మైనంలా పాలిపోయింది.

కపాలఘంటుడు పీఠం వెనక ఒక పలకను పక్కకు జరిపాడు. లోపలంతా డొల్ల. ఆ చీకట్లోంచి పాత ఎముకల వాసన గుప్పుమంది.

"ఆ స్తంభాల మీద మాటలన్నీ ఇక్కడినుంచి వచ్చినవే. పలికినవాళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నారు. అందరూ నీ వృత్తివాళ్ళే, పలకరించు."

అప్పుడే తెర తొలగించుకుని శంఖపాలుడు లోపలికి వచ్చాడు. పెళ్ళికి వచ్చినవాడిలా జరీ అంగీ వేసుకుని, గంధం పూసుకుని ఉన్నాడు. కేతప్ప కట్లు విప్పించి, చిలకచుట్టిన తమలపాకు ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"విప్పు."

కేతప్ప విప్పాడు. ఆకులో చిటికెన వేలు ఉంది. గోరు కింద మూడు పచ్చబొట్టు చుక్కలు. పెళ్ళైన ఏడాది జాతరలో తనే దగ్గరుండి పొడిపించిన చుక్కలు.

"గడ ఎక్కేవాళ్ళకు చిటికెన వేలు అంత అవసరమా? నాకా ఆట తెలీదు" అన్నాడు మంత్రి నెమ్మదిగా. "మిగతావి అవసరమే అయ్యుంటాయి. నీ పెళ్ళాన్ని గంటగోపురం మీంచి మొసళ్ళ అగడ్త మీదికి వేలాడదీయించాను. తాడు పక్కన గొడ్డలి పట్టుకుని ఒకడున్నాడు. నువ్వు సరిగ్గా పలికితే ఆమెను పైకి లాగుతారు. తప్పు పలికితే మొసళ్ళకు పండగ."

"ఏం పలకాలి దొరా?" అన్నాడు కేతప్ప. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

"'శిలావతిని శంఖపాలుడి చేతుల్లో పెడుతున్నాను. నా కూతురు తరళ ఈ భారం మోయలేదు. వెన్నెల మెట్ల మీదుగా నా పూర్వీకులు దిగివస్తున్నారు, వెళ్తాను.' ఇంతే. ఆ వెన్నెల మెట్లు నేనే కల్పించాను. బాగుంది కదూ?"

"బాగుంది దొరా."

"రాజు పొద్దున్నే పోయాడు. కాబట్టి అడ్డుపడేవాళ్ళెవరూ లేరు. కానియ్యి."

కేతప్పను పీఠం లోపలికి తోసి పలక మూసేశారు. పడుకున్నచోట వీపు కింద ఎముకలు పటపటమని విరిగాయి. చెయ్యి చాచితే ఒక పుర్రె తగిలింది. దాని పళ్ళ మధ్య గుడ్డ కుక్కి ఉంది. పని అయిపోయాక ఆ మనిషి నోరు ఎలా మూయించారో కేతప్పకు అర్థమైంది. తనను బయటికి రానివ్వరు. కుందవ్వను పైకి లాగినా బతకనివ్వరు. వేలు తెగ్గోసిన చేతులు మెడ దగ్గర ఆగుతాయా?

బయట శంఖాలు ఊదారు. సభ నిండుతున్న సవ్వడి వినిపించింది. సామంతుల అడుగులు, నగల గలగల, ఆ పైన దండనాయకుడు కేసరివర్మ ఇనుపచెప్పుల చప్పుడు. అతను తలపండిన యోధుడు, ఆడినమాట తప్పనివాడని పేరు. అతని పక్కనే ఒక ఆడపిల్ల గొంతు, "మావయ్యా, నాన్నగారిని ఒక్కసారి చూడనివ్వరా?" అని అడిగింది. రాజకుమార్తె తరళాదేవి. "కట్టడి తల్లీ, కట్టడి" అన్నాడు కేసరివర్మ.

కేతప్ప ముఖం మీద ఏదో చల్లగా తగిలింది. మంచం పలకల సందులోంచి రాజు చెయ్యి కిందికి వేలాడుతోంది. శవం చెయ్యి కదా అని పక్కకు నెట్టబోయాడు. ఆ వేళ్ళు అతని వేళ్ళను పట్టుకున్నాయి.

కేతప్ప అరవబోయి పళ్ళు బిగించుకున్నాడు. రాజు బతికే ఉన్నాడు! మాంత్రికుడు ఏ స్తంభన విద్యతోనో ఒంటిని కొయ్యను చేశాడు కాని, ప్రాణం ఇంకా లోపలే కొట్టుకుంటోంది. సంగతి మంత్రికి తెలియదు. పని పూర్తయ్యాక మంత్రితో కూడా బేరం ఆడడానికి మాంత్రికుడు రాజును అట్టేపెట్టుకున్నాడన్నమాట.

"ప్రభూ," అన్నాడు కేతప్ప ఊపిరి చప్పుడంత మెల్లగా. "మీ తరవాత తరళమ్మగారే కదా? అవునైతే నొక్కండి."

వేళ్ళు కదల్లేదు.

"పోనీ, మంత్రిగారా?"

కదల్లేదు.

"ప్రజలకేమైనా చెప్పాలా ప్రభూ?"

ఏమీ లేదు.

"బతకాలనుందా?"

కేతప్ప వేళ్ళు నలిగిపోయేంత గట్టిగా ఆ చెయ్యి బిగిసింది. విడవలేదు. ఆ పట్టులో రాజ్యమూ లేదు, కూతురూ లేదు. నీళ్ళలో మునిగిపోతున్నవాడి పట్టు అది.

"మహారాజు మాట్లాడబోతున్నారు!" అని కపాలఘంటుడు తెరలోపల నుంచి ప్రకటించాడు. మంటపమంతా మోకాళ్ళ మీద కూలబడిన చప్పుడు.

కేతప్ప గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత ధవళకీర్తి గొంతు, అలసిన గొంతు, అయినా ఎదుటివాణ్ణి నిలబెట్టే గొంతు, తెరలోంచి బయటికి నడిచింది.

"శంఖపాలా!"

"ప్రభూ!" అన్నాడు మంత్రి భక్తిగా.

"గంటగోపురానికి ఒక ఆటకత్తె వేలాడుతోంది. ఎందుకు?"

శంఖపాలుడి నుదుటి మీద గంధం చెమటకు కరిగి కారింది. "ప్రభువులకు జ్వరం... సంధి కొట్టి..."

"నా జ్వరం సంగతి యముడు చూసుకుంటాడు. కేసరివర్మా! ఆమెను దించి నా మంచం దగ్గరికి తీసుకురా. ఆమె వచ్చి నిలబడేదాకా నా వారసుడెవరో చెప్పను."

మంత్రి నోరు తెరిచేలోపే దండనాయకుడి మనుషులు గోపురం మెట్ల మీద ఉన్నారు. చనిపోతున్న రాజు మాటకు అడ్డం చెప్పి గోడలో నిలబడాలని ఎవరికుంటుంది?

తెరలోపల కపాలఘంటుడు పళ్ళు పటపటలాడించాడు. గట్టిగా అరవలేడు. మంచం పక్కనుంచి సన్నని శూలం తీసి, పలకల సందులోంచి గురిచూసి కిందికి దింపాడు.

అది కేతప్ప భుజంలో దిగి, కింద ఎముకల్లో గుచ్చుకుంది. అతని నోట్లోంచి అరుపు బయటికి వచ్చేసింది. వస్తూనే దాన్ని రాజు మూలుగుగా మార్చేశాడు. తెర అవతల సామంతులు "అయ్యో, ఎంత బాధపడుతున్నారో" అని ఏడ్చారు. శూలం పైకి వెళ్ళి మళ్ళీ దిగింది. ఈసారి తొడ. మళ్ళీ రాజు మూలిగాడు. మంటపం మళ్ళీ ఏడ్చింది. మాంత్రికుడు ఆపకుండా పొడుస్తున్నాడు. కేతప్ప ఆ ఇరుకులో పుర్రెల మధ్య పొర్లుతూ, నెత్తురు మింగుతూ, ఒక్క మూలుగు కూడా తన గొంతుతో మూలగలేదు.

"తీసుకొచ్చాం ప్రభూ!" అన్న కేక వినిపించింది.

"వచ్చాను మారాజా," అంది కుందవ్వ. తాడు ఒరిసిన మణికట్లు, గుడ్డచుట్టిన చెయ్యి, చెమటకు తడిసిన చీర. అయినా గొంతులో వణుకు లేదు. గాడిదను బేరమాడిన ఆ గొంతు ఎవరిదో ఆమెకు వినగానే తెలిసిపోయింది.

"తరళా," అన్నాడు కేతప్ప. శక్తి అయిపోతోంది. "ఈ తెర తియ్యి."

"కట్టడి!" అని శంఖపాలుడు గావుకేక పెట్టాడు. "రాజు ముఖం చూస్తే రాజ్యం నాశనమైపోతుంది!"

"నాన్నగారి మాట కంటే కట్టడి పెద్దదా?" అంటూనే తరళాదేవి పక్కనున్న భటుడి ఒరలోంచి కత్తి లాగి తెర ముందుభాగాన్ని పైనుంచి కిందికి చీల్చేసింది.

కపాలఘంటుడు మంచం మీద వంగి నిలబడి ఉన్నాడు. చేతిలో శూలం. దాని మొన నుంచి నెత్తురు చుక్కలు రాలుతున్నాయి. మంచం మీద రాజు పెదవులు అతుక్కుపోయి ఉన్నాయి. కింది నుంచి మాత్రం "తియ్యి... తియ్యి..." అని రాజు గొంతు ఇంకా మూలుగుతోంది.

కుందవ్వ ఒక్క దూకుతో పీఠం వెనక్కి వెళ్ళి పలకను కాలితో తన్ని విరగ్గొట్టింది. ఎముకలతోపాటు కేతప్ప బయటికి దొర్లాడు. సభలో ఎవరో కెవ్వుమన్నారు. వృద్ధ సామంతులు పుర్రెల వంకా, స్తంభాల మీది బంగారు అక్షరాల వంకా చూశారు. ఒకాయనకు వాంతి అయింది.

"ఇది మాంత్రికుడి పని! నాకేమీ తెలీదు!" అని అరిచాడు శంఖపాలుడు.

"నీకేమీ తెలీదని నాకూ తెలుసు," అన్నాడు కపాలఘంటుడు. "రాజు చచ్చాడనుకున్నావు గదా? చూడు." తనను ఇక రాజే కాపాడాలి. ప్రాణం పోసినవాణ్ణి ఏ రాజు చంపుతాడు? ఆ లెక్కతో అతను ధవళకీర్తి నుదుటి మీద బొటనవేలు ఆనించి ఏదో గొణిగాడు.

ధవళకీర్తి కళ్ళు తెరుచుకున్నాయి.

తరళాదేవి కత్తి పారేసి మంచం దగ్గర కూలబడింది. "నాన్నగారూ! ఎవరు చేశారిది? చెప్పండి, ఒక్క పేరు చెప్పండి!"

రాజు లేచి కూర్చున్నాడు. రోజుల తరబడి ఆ మంచం మీద కట్టెలా పడి అన్నీ విన్నవాడు అతను. తన చావు ముహూర్తం గురించి మంత్రి జోస్యుణ్ణి అడగడం విన్నాడు. వైద్యులు తన ఉంగరాలు పంచుకోవడం విన్నాడు. ఈ మధ్యాహ్నం సభంతా తన ఆఖరి మాటకోసం చెవులు రిక్కించి నిలబడడం కూడా విన్నాడు. కూతురు ముఖం వంక చూశాడు. కేసరివర్మ వంక, సామంతుల వంక, నేలమీద నెత్తుట్లో పడి ఉన్న బహురూపి వంక చూశాడు. ఎవరిమీదా అతని చూపు మెత్తబడలేదు.

"నేను చస్తానని ఎదురుచూశారు," అన్నాడు. వాడక లేక బొంగురుపోయిన గొంతు. అసలు గొంతు. "అందరూ. ఈ గదిలో ఉన్నవాళ్ళందర్నీ చంపండి."

అని వెనక్కి పడిపోయాడు. స్తంభన విద్య ఒక్కసారిగా వీడేసరికి గుండె తట్టుకోలేకపోయింది. ఈసారి నిజంగానే పోయాడు.

ఆఖరి మాట వెలువడింది. సభ యావత్తూ చెవులారా విన్నది. కేసరివర్మ నెమ్మదిగా గుమ్మం దాకా నడిచి తలుపులకు లోపలినుంచి అడ్డగడియ వేశాడు. వెనక్కి తిరిగి భటులకు చెప్పాడు. "విన్నారుగా. కానివ్వండి. చివర్న మనం."

మొదట నరికింది శంఖపాలుణ్ణి. అతను ఏదో గొప్పమాట అనడానికి చెయ్యెత్తాడు. నోట్లోంచి "ఆగం..." అన్నదాకే వచ్చింది. కేసరివర్మ తన వైపు తిరగ్గానే కపాలఘంటుడు పిడికెడు బూడిద గాల్లోకి చల్లి కాకిగా మారి స్ఫటికాల మధ్యకు ఎగిరిపోయాడు. కత్తి తగిలి తెగిన కాకికాలు ఒకటి నేలమీద పడి మనిషి పాదమైంది. ఆ తరవాత ఎవరు ఎవరిని నరికారో చెప్పడం కష్టం. తలుపులు గోళ్ళతో గీరినవాళ్ళున్నారు. స్తంభాలు కౌగిలించుకున్నవాళ్ళున్నారు. బంగారు అక్షరాల సందుల్లోంచి నెత్తురు సన్నగా పారింది.

"మావా, లే!" అంది కుందవ్వ. తెర వెనకభాగం ఇంకా కప్పులోని ఉక్కు వలయం నుంచి వేలాడుతోంది. వలయం పక్కనే గవాక్షం. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని పట్టు తెరను మెలిపెట్టి తాడు చేసింది.

"నావల్ల కాదే. నువ్వెళ్ళు."

"నిన్నొదిలి వెళ్ళడానికా వేలు కోయించుకుంది?" చీలిపోయిన తెర ముక్కతో అతన్ని వీపుకు బిగించి కట్టుకుంది. నాలుగు వేళ్ళ చెయ్యి ముందుకు వేసి ఎక్కడం మొదలుపెట్టింది. గుడ్డలోంచి నెత్తురు ఊరి పట్టు జారుతోంది. బరువుకు తెర గిరగిర తిరిగిపోతోంది. ఎక్కలేకపోతోంది.

కింది చివర ఎవరో గట్టిగా పట్టుకుని తిరగకుండా బిగించారు. కేతప్ప తల వంచి చూశాడు. తరళాదేవి!

"అమ్మా, నువ్వూ ఎక్కు!" అన్నాడు.

"ముగ్గురి బరువు ఆగదు. తొందరగా వెళ్ళండి," అంది ఆమె.

కుందవ్వ చెయ్యి గవాక్షం అంచును అందుకునే వేళకు కేసరివర్మ రాజకుమార్తె ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమెను చిన్నప్పుడు గుర్రం మీద తన ముందు కూర్చోబెట్టుకుని తిప్పినవాడు. గడ్డం నిండా కన్నీళ్ళు.

"కళ్ళు మూసుకో తల్లీ."

తరళాదేవి కళ్ళు మూసుకోలేదు. తెర వదలలేదు.

"నీ చెయ్యి వణుకుతోంది మావయ్యా," అంది.

కేతప్ప ఆ మాట విన్నాడు. ఆ తరవాతి చప్పుడు కూడా విన్నాడు. బిగిసిన తెర ఒక్కసారి వదులైపోయింది. అప్పటికే కుందవ్వ అతన్ని గవాక్షంలోంచి బయటికి, మండుటెండలో కాలిపోతున్న పెంకుల మీదికి లాగేసింది.

కాసేపు ఇద్దరూ పెంకుల మీద బోర్లా పడుకుని రొప్పారు. కేతప్ప కళ్ళలోంచి నీళ్ళు కారి పెంకు మీద ఆవిరైపోతున్నాయి. కుందవ్వ తన చీర చెంగు చింపి అతని భుజానికీ తొడకూ కట్టు కడుతూ, "ఏడవకు మావా, కట్టు జారుతోంది," అంది. ఆమె కూడా ఏడుస్తోంది.

కింద మంటపంలో కేకలు ఒక్కొక్కటిగా తగ్గాయి. ఆఖరికి రెండు కత్తులు మాత్రం ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. తరవాత అదీ లేదు.

మంటపం ముందు మైదానంలో నగరమంతా నిలబడి ఉంది. రాజు ఆఖరి మాట వినడానికి పొద్దుటినుంచీ ఎండలో కాచుకున్న జనం. బిడ్డలను భుజాలకెత్తుకున్నవాళ్ళు, స్తంభం చెక్కడానికి ఉలులు చేతబట్టుకు వచ్చిన శిల్పులు. తెరిచిన తలుపుల్లోంచి వసారాలోకి ఒక్క మనిషి నడిచి వచ్చాడు. కేసరివర్మ. ఇనుప అంగీ పైనుంచి కిందిదాకా ఎర్రగా ఉంది. అందర్నీ చంపేశాక ఇక మిగిలింది తనే. కత్తిని తిప్పి మొన తన గొంతుకు ఆనించుకున్నాడు. పిడిని రెండు చేతులా పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడ్డాడు.

జనం చూస్తున్నారు.

కేసరివర్మ కత్తి దించేశాడు.

"ప్రజలారా!" అని కేక వేశాడు. గొంతు మైదానం చివరిదాకా మోగింది. "మంత్రి శంఖపాలుడు రాజద్రోహం చేశాడు. సభలో వాళ్ళందర్నీ వాడి మూకే పొట్టన పెట్టుకుంది. మహారాజు నా చేతుల్లో ప్రాణం విడిచారు. ఆయన ఆఖరి మాట వినండి! 'నా బిడ్డ తరళ నాకంటే ముందే వెళ్ళిపోయింది. శిలావతిని కేసరివర్మకు అప్పగిస్తున్నాను. నా ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకో' అన్నారు!"

మైదానమంతా ఒక్క గొంతుతో ఘొల్లుమంది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. శిల్పులు ఆ మాటను మరచిపోకుండా పదేపదే వల్లించుకుంటున్నారు.

"అబద్ధం," అన్నాడు కేతప్ప. మెల్లగానే అన్నాడు. కాని నొప్పితో ఒరిగిన అతని మోచెయ్యి కింద ఒక పెంకు కదిలి, కప్పు వాలు మీదుగా దొర్లుకుంటూ పోయి, వసారా మెట్ల మీద భళ్ళున పగిలింది.

కేసరివర్మ తల పైకెత్తాడు. పెంకుల అంచున రెండు ముఖాలు కనిపించాయి. కొంతసేపు కన్నార్పకుండా చూశాడు. తరవాత, జనం ఇంకా ఏడుస్తూ ఉండగానే, కోటగోడ మీద బారులు తీరిన విలుకాండ్రవైపు తిరిగి, నెత్తురోడుతున్న కత్తిమొనతో కప్పును చూపించాడు.